గ్రాహకం: ఒక ఊహ పదార్థమైన చరిత్ర

జీవశాస్త్ర పరిశోధనశాలలకు సరఫరా అయ్యే సామగ్రిలో ఒక చిన్న గాజు సీసా ఉంటుంది. దాని అడుగున కంటికి ఆనీ ఆనని తెల్లని పొడి. దాని తూకం గ్రాములలో కాదు, గ్రాములో పదిలక్షవ వంతుల లెక్కన చెబుతారు. మంచుకన్న చల్లని పెట్టెలో దానిని భద్రపరుస్తారు. పైన ఒక చీటీ అంటించి ఉంటుంది: ఇది ప్రయోగశాలలో పరిశోధనకు మాత్రమే, చికిత్సకు వాడరాదు. లోపల ఉన్నది మానవ దేహానికి చెందిన ఒక ప్రొటీను. మన పాఠ్యగ్రంథాలు మాంసకృత్తు అని పిలిచిన జాతి పదార్థం. అయినా దానిని ఏ మనిషి దేహం నుంచీ తీయలేదు. ఆ ప్రొటీనును నిర్మించే విధానం వ్రాసి ఉన్న మానవ జన్యువును వేరొక కణంలో ప్రవేశపెట్టి, ఆ కణంచేత దానిని తయారు చేయించారు. ఇటువంటి దానికి పునస్సంయోజిత మానవ గ్రాహకం అని పేరు.

గ్రాహకాలు ఒకటి కాదు, రెండు కాదు, దేహంలో వందల సంఖ్యలో ఉన్నవి. ఇన్సులిన్‌ను అందుకునేది ఒకటి, ఎడ్రినలిన్‌ను అందుకునేది ఒకటి. వాటి అన్నిటి చరిత్ర చెప్పుకోవడానికి ఇక్కడ తావు లేదు. నాడీ సందేశాన్ని అందుకునే గ్రాహకాలలో మొట్టమొదట శాస్త్రజ్ఞుల చేతికి చిక్కిన దానిని గూర్చి మాత్రం ముచ్చటించుకుందాము. అది మన కండరాల మీద ఉండేది. దాని చరిత్రలో ఒకచోట మన తెలుగుమాట ఒకటి అనుకోకుండా అడ్డుతగులుతుంది కూడా.

మనము చేయి ఎత్తాలని తలచినప్పుడు ఆ ఆజ్ఞ నరం వెంట కండరం దాకా వస్తుంది. కాని నరం కొస కండరాన్ని అంటుకొని ఉండదు. రెంటికీ నడుమ అతి సూక్ష్మమైన ఎడం ఉన్నది. నరం కొస ఎసిటైల్ కోలీన్ అనే రసాయనాన్ని చిమ్ముతుంది. అది ఆ ఎడాన్ని దాటి కండరాన్ని తాకగానే కండరం ముడుచుకుంటుంది. ఎసిటైల్ కోలీన్ తగిలిన ప్రతి కణమూ ఇలా స్పందించదు. ఆకాశం నిండా ఎన్నో తరంగాలు పోతున్నా, మన ఇంటి రేడియో పెట్టె తాను దేనికి అమర్చబడి ఉన్నదో ఆ తరంగాన్నే అందుకుంటుంది గదా. కండరం మీద అటువంటి అమరిక ఏదో ఉండాలి. ఆ అమరికయే గ్రాహకం. ఇంత తేలికగా ఇప్పుడు చెప్పగలుగుతున్నాము గాని, ఈ మాట స్థిరపడడానికి దరిదాపుగా ముప్పాతిక శతాబ్దం పట్టినది.

కథకు పూర్వరంగం ఫ్రాన్సులో జరిగింది. దక్షిణ అమెరికా ఆదిమవాసులు బాణాల మొనలకు పూసే క్యూరారే అనే విషం మీద క్లాడ్ బెర్నార్డ్ 19వ శతాబ్దపు మధ్యకాలంలో కప్పలతో ప్రయోగాలు చేశారు. విషమెక్కిన కప్పలో నరాన్ని ఎంత ప్రేరేపించినా కండరం కదలలేదు. కండరానికే నేరుగా విద్యుత్తు తగిలిస్తే మాత్రం చక్కగా ముడుచుకున్నది. అనగా కండరం చెడలేదు. చెడినది నరానికీ కండరానికీ మధ్య ఉన్న సంబంధం.

ఆ సంబంధం ఎక్కడ ఉన్నదో తేల్చినవారు కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రం బోధించిన జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ. ఆయన చేసిన ప్రయోగం ఎంతో సాదా అయినది, కాని తర్కంలో అంత బిగువైన ప్రయోగాలు అరుదు అని మా అభిప్రాయం. కోడి కండరానికి పొగాకులోని నికోటిన్ తగిలిస్తే అది బిగుసుకుంటుంది. క్యూరారే ఇస్తే ఆ బిగువు సడలిపోతుంది. ఈ రెండూ నరం కొస మీద పనిచేస్తున్నవేమో అని ఎవరైనా అనవచ్చును. అందుకని ఆయన నరాన్ని ముందే తెంచి, అది పూర్తిగా క్షీణించే దాకా ఆగి, మళ్ళీ నికోటిన్ ఇచ్చారు. నరం కొస లేకపోయినా కండరం బిగుసుకున్నది. క్యూరారే దానిని మళ్ళీ సడలించినది. కాబట్టి ఇవి నరం మీద పనిచేయడం లేదు. పోనీ, కండరంలో ముడుచుకునే పదార్థం మీదనే పనిచేస్తున్నవా? అదీ కాదు, క్యూరారే ఎక్కిన కండరం కూడా విద్యుత్తు తగిలితే ముడుచుకుంటూనే ఉన్నది. నరమూ కాదు, ముడుచుకునే పదార్థమూ కాదు అంటే, మూడవది ఏదో ఉన్నదన్నమాట. 1905లో ఆయన దానికి గ్రహించే పదార్థం అన్న అర్థంలో పేరు పెట్టారు. ఇంచుమించు ఆ రోజులలోనే, 1900లో, జర్మనీలో పాల్ ఎర్లిక్ వేరొక దారిని, విషాలూ వాటి విరుగుళ్ళూ కణాలకు ఎలా అంటుకుంటున్నవో ఆలోచిస్తూ, గ్రాహకం అన్న అర్థమిచ్చే మాటను వాడుకలోకి తెచ్చారు. నేటికీ లోకంలో నిలిచినది ఎర్లిక్ మాట.

మాట నిలిచినా నమ్మకం నిలవలేదు. చూచినవారు లేరు, తాకినవారు లేరు, తూచినవారు లేరు. నాడీ సందేశాలు రసాయనాల మూలంగా అందుతాయని నిరూపించి 1936లో ఆటో లోవీతో కలిసి నోబెల్ బహుమానం పొందిన హెన్రీ డేల్ వంటి మహామహులు సైతం గ్రాహకమనే మాటను ఒప్పుకోవడానికి వెనుకాడారు. అది వారి సంకుచితత్వమని మేము అనుకోము. కారణం తెలియని చోట ఒక పేరు పెట్టి తృప్తిపడడం శాస్త్రానికి పాతరోగమే. వారి జంకు అందుకే.

శాస్త్రజ్ఞులు ఇలా తర్జనభర్జన పడుతూ ఉండగా, ఆ పదార్థమే దేహంలో నశించిపోవడం వల్ల బాధపడుతున్న మనుష్యులు లోకంలో ఉన్నారు. తమ బాధకు దీనితో సంబంధమున్నదని వారికి గాని, వైద్యులకు గాని తెలియదు. 1672లోనే ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు ఒక స్త్రీని గూర్చి వ్రాశారు. ఆమె మాట మొదలుపెట్టినప్పుడు బాగానే ఉండేది. కొంతసేపు గబగబ మాట్లాడేసరికి గొంతు పోయి, చేప వలె మూగబోయేది. గంట రెండు గంటలకు గాని మాట తిరిగి వచ్చేది కాదు. మాట మీద బ్రతికే మా బోంట్లకు ఈ వర్ణన చదివితే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఈ వ్యాధికి 19వ శతాబ్దపు చివర మయస్థీనియా గ్రావిస్ అన్న పేరు స్థిరపడినది. తీవ్రమైన కండర దౌర్బల్యం అని దాని అర్థం. ఉదయం లేచినప్పుడు రోగి బాగానే ఉన్నట్లుంటాడు. ప్రొద్దు పోయేకొద్దీ కనురెప్పలు వాలిపోతాయి, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది, ముద్ద నమలడం కష్టమవుతుంది. కొందరికి శ్వాస కండరాలే అలసిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కాసేపు విశ్రమిస్తే బలం తిరిగి రావడం చూచి, ఇది దేహంలోని జబ్బు కాదు, మనస్సులోనిదని కొట్టివేయబడినవారు ఎందరో.

1934లో లండను దగ్గరి గ్రీనిచ్‌లో సెయింట్ ఆల్ఫెజ్ ఆస్పత్రిలో పనిచేస్తున్న మేరీ వాకర్ అనే వైద్యురాలు ఈ రోగుల తీరు క్యూరారే విషమెక్కినవారి తీరును పోలి ఉన్నదని ఆలోచించారు. పోలిక నిజమైతే క్యూరారే విరుగుడు వీరికీ పనిచేయాలి. ఎసిటైల్ కోలీన్ త్వరగా నశించిపోకుండా కాపాడే ఫైసోస్టిగ్మిన్ అనే మందును ఆమె సూదితో ఎక్కించి చూచారు. వాలిన రెప్పలు లేచినవి, మింగలేనివారు మింగగలిగినారు. కొన్ని గంటలలో మందు బలం తీరగానే రెప్పలు మళ్ళీ వాలినవి. దోషం నరానికీ కండరానికీ నడుమ ఉన్నదని తెలిసింది. కాని ఆ నడుమ ఉన్న దేనిలో?

చెప్పాలంటే గ్రాహకాన్ని పట్టుకోవాలి. పట్టుకోవడానికి, దానిని తప్ప మరి దేనినీ అంటని, అంటితే మరి విడువని కొక్కెం ఒకటి కావాలి. ఆ కొక్కెం పాము కోరలో దొరికినది.

ఇక్కడ కొంచెం వెనుకకు, మన తీరానికి రావాలి. 18వ శతాబ్దపు చివరిభాగంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణంలో నివసించారు. పాముకాటుకు జనం చనిపోవడం చూచి, ఏ పాము విషమున్నదో ఏది లేనిదో తేల్చాలని ఈ ప్రాంతపు పాములను సేకరించి, బొమ్మలు వ్రాయించి, 1796లో కోరమాండల్ తీరపు సర్పాల మీద గొప్ప గ్రంథాన్ని ప్రకటించారు. రక్తపింజరికి నేటికీ శాస్త్రలోకంలో ఆయన పేరే ఉన్నది. ఆయన చేసిన మేలు మరొకటి ఉన్నది: ప్రతి పాముకూ స్థానికులు ఏమని పేరు చెప్పారో దానినే తన అక్షరాలలో వ్రాసుకున్నారు. పసుపూ నలుపూ పట్టెలు గల ఒక విషసర్పాన్ని మనవారు బంగారు పాము అన్నారు. ఆయన అలాగే వ్రాసుకున్నారు. 1803లో ఫ్రాన్సులో దోదిన్ అనే జంతుశాస్త్రజ్ఞుడు ఆ పాము జాతికంతటికీ పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మన బంగారాన్నే లాటిన్ తొడుగు తొడిగి బంగారస్ అన్నారు. మన కట్లపాము కూడా ఆ జాతిలోనిదే.

ఆ జాతి పామే ఒకటి తైవాన్ ద్వీపంలో ఉన్నది. 1963లో తైపేలో సి. సి. చాంగ్, సి. వై. లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని విషాన్ని విద్యుత్తు సహాయంతో భాగాలుగా విడదీశారు. అందులో ఒక భాగం కండరాన్ని క్యూరారే వలె స్తంభింపజేసింది. అయితే క్యూరారేను కడిగివేయవచ్చును. ఇది ఒకసారి అంటుకుంటే దాదాపు వదలదు. 74 ఎమినో ఆమ్లాల చిన్న గొలుసు అది. పాము జాతి పేరు మీదుగా దానికి ఆల్ఫా బంగారోటాక్సిన్ అని పేరు పెట్టారు. టాక్సిన్ అనగా విషం. విశాఖపట్టణం ప్రాంతంలో ఎవరో పల్లెటూరివాడు దొరవారికి చెప్పిన ఒక తెలుగు మాట ఈ విధంగా ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చేరుకున్నది.

కొక్కెం దొరికినది. ఇక గ్రాహకాలు రాశిగా ఉన్న చోటు కావాలి. మన కండరంలో అవి అతి స్వల్పం. ప్రకృతి మాత్రం కొన్ని చేపలలో వాటిని గాదెలో ధాన్యం వలె నింపిపెట్టినది. దక్షిణ అమెరికా నదులలోని విద్యుత్ మలుగుచేప, సముద్రంలో ఉండే టార్పీడో చేప, తాకినవారిని విద్యుత్తుతో కొడతాయి. అవి విద్యుత్తు పుట్టించే అవయవం నిజానికి రూపుమారిన కండరమే. 1970లో పారిస్‌లో జాన్ పియెర్ షాంజూ, తైవాన్ నుంచి లీ తెచ్చిన విషంతో, మలుగుచేప అవయవంలోని గ్రాహకాన్ని గుర్తుపట్టారు. మరుసటి సంవత్సరం లండనులో మిలేదీ ప్రభృతులు రేడియోధార్మికత ఎక్కించిన ఆ విషంతోనే టార్పీడో గ్రాహకాన్ని వేరుచేశారు. లాంగ్లీ ఊహించిన 65 సంవత్సరాల తరువాత ఆ పదార్థం పరీక్షనాళికలోకి వచ్చినది. అది ప్రొటీనేనని తేలింది.

ఆ తరువాత రెండు మూడేండ్లలో జరిగినది ఎవరూ ఎదురుచూడనిది. కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో జిమ్ పాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రమ్ ఈ చేప గ్రాహకానికి ప్రతిరక్షకాలు కావాలని దానిని కుందేళ్ళకు సూదితో ఎక్కించారు. కుందేళ్ళు నీరసించి కాళ్ళు చాపివేసినవి. మయస్థీనియా రోగులకిచ్చే మందు వంటిది ఇవ్వగానే లేచి కూర్చున్నవి. చేప గ్రాహకం మీద పుట్టిన ప్రతిరక్షకాలు కుందేలు సొంత గ్రాహకాల మీద కూడా పడినవన్నమాట. 1973లో ఇది ప్రకటించబడినది. అదే ఏడు బాల్టిమోర్‌లో ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి అనే ముగ్గురు, మయస్థీనియా రోగుల కండరపు ముక్కలకు బంగారోటాక్సిన్‌ను తగిలించి లెక్కించారు. ఆరోగ్యవంతులతో పోలిస్తే గ్రాహకాలు 11 నుంచి 30 శాతం మాత్రమే ఉన్నవి. 1976లో లిండ్‌స్ట్రమ్ బృందం 71 మంది రోగుల రక్తాన్ని పరీక్షించి, 87 శాతం మందిలో గ్రాహకాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు కనుగొన్నారు. వ్యాధి లేనివారిలో అవి కనబడలేదు. విల్లిస్ చూచిన స్త్రీ వంటివారి దౌర్బల్యం మనస్సులోనిది కాదని చెప్పడానికి రక్తంలోనే సాక్ష్యం దొరికినది.

కాని ఈ పరీక్షకు ఒక చిక్కున్నది. మానవుల ప్రతిరక్షకాలు మానవ గ్రాహకాన్ని పట్టుకున్నంత బాగా చేప గ్రాహకాన్ని పట్టుకోవు. మానవ గ్రాహకం కావాలంటే మానవ కండరం కావాలి. ఎక్కడిది? శస్త్రచికిత్సలో తొలగించవలసి వచ్చిన కాళ్ళ నుంచి దానిని సేకరించేవారు. ఒకరి కాలు పోతేనే మరొకరి వ్యాధి తేలడం! ఆ కండరంలో నైనా గ్రాహకం స్వల్పం. అదీ ఒక్కొక్క కాలిలో ఒక్కొక్క తీరు. పునస్సంయోజిత గ్రాహకం అవసరం ఎంతటిదో ఇక్కడ తెలుస్తుంది. గొప్ప సిద్ధాంతాల కోసం కాకపోయినా, కనీసం ఈ కాళ్ళ కోసమైనా అది కావలసి వచ్చినది.

ఒక జీవి జన్యువును తెంచి మరొక జీవి కణంలో అతికించే విద్య 1973 నాటికి అమెరికాలో కోయెన్, బోయర్‌ల చేత రూపొందినది. గ్రాహకం విషయంలో దానిని ప్రయోగించినవారు జపానులో క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన షోసాకు నుమా. 1982లో ఆయన బృందం టార్పీడో గ్రాహకంలోని ఒక భాగానికి సంబంధించిన జన్యులిపిని పూర్తిగా చదివినది. ఆ భాగం 437 ఎమినో ఆమ్లాల గొలుసు. మరుసటి ఏడే దానికి సమానమైన మానవ జన్యువును చదివారు. గ్రాహకం మొత్తం అయిదు గొలుసుల కూర్పు అనీ, అయిదూ పిడికిలి వలె గుమిగూడి నడుమ ఒక రంధ్రాన్ని ఏర్పరుస్తాయనీ, ఎసిటైల్ కోలీన్ తగిలినప్పుడు ఆ రంధ్రం తెరుచుకొని లవణాల అయాన్లను లోపలికి పోనిస్తుందనీ స్పష్టమయింది. 1984లో నుమా బృందం ఆ గొలుసులన్నిటి ఆదేశలిపినీ ఆఫ్రికా దేశపు కప్ప గ్రుడ్లలో ప్రవేశపెట్టింది. గ్రుడ్డు వాటిని నిర్మించి, కూర్చి, తన పొర మీద నిలిపింది. ఎసిటైల్ కోలీన్ తగలగానే విద్యుత్తు ప్రవహించినది. ఏనాడూ నరంతో సంబంధం లేని గ్రుడ్డు కండరం వలె స్పందించినది! బెర్నార్డ్ కప్పతో మొదలైన విచారణ మళ్ళీ కప్ప దగ్గరికే రావడం కాకతాళీయమే.

పునస్సంయోజిత ప్రొటీనులన్నీ ఒకే తీరున తయారు కావు. ఇన్సులిన్ వంటి చిన్నదానిని సూక్ష్మజీవుల చేత చేయించవచ్చును. 1982 నుంచి అటువంటి మానవ ఇన్సులిన్ మందుగా వాడుకలో ఉన్నది. గ్రాహకం అంత సుళువు కాదు. అది కణపు పొరలో సగం మునిగి ఉండేది. పొర నుంచి పెరికితే నీటిలో నిలవక ముద్దకట్టిపోతుంది. దాని మీద చక్కెర అణువుల అలంకరణ ఉండాలి. బాక్టీరియా ఆ అలంకరణ మామూలుగా చేయలేదు. గొలుసు సరియైన మడతలు పడకపోతే పాము విషం కూడా దానిని గుర్తుపట్టదు. కావున మానవ కణాలలోనో, క్షీరదాల కణాలలోనో, ఈస్టులోనో చేయిస్తారు. తరచుగా పొర వెలుపల ఉండే భాగాన్ని మాత్రమే చేయించి, దాని కొసకు హిస్టిడిన్ అనే ఎమినో ఆమ్లాన్ని ఆరుసార్లు వరుసగా తగిలిస్తారు. ఆ తోక నికెల్ లోహాన్ని పట్టుకుంటుంది. మిగిలిన కల్మషమంతా కడిగివేస్తే గ్రాహకం ఒక్కటే మిగులుతుంది. మొదట చెప్పిన సీసాలోకి వచ్చేది చాలావరకు ఇటువంటిదే. పరిశోధకుడు దానితో కొత్త మందు అంటుకుంటున్నదా లేదా చూడగలడు, ప్రతిరక్షకం బలాన్ని కొలవగలడు. అంతకు మించి దానిని ఒకరి దేహంలోకి ఎక్కించడానికి తగిన శుద్ధి గాని, పరీక్షలు గాని దానికి జరిగి ఉండవు. పైన అంటించిన చీటీ చెప్పేది అదే. కుందేళ్ళకు ఏమి జరిగినదో చదివినవారికి ఆ హెచ్చరిక ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు.

కాళ్ళ సమస్యకు జవాబు ఆక్స్‌ఫర్డు నుంచి వచ్చింది. మానవ కండరపు కేన్సరు నుంచి ప్రయోగశాలలో పెంచుతున్న ఒక కణసంతతి సహజంగానే ఈ గ్రాహకాన్ని తయారుచేస్తుంది. కాని అది గర్భస్థ శిశువులో ఉండే తరహా. పెద్దవారిలో అయిదు గొలుసులలో ఒకటి మారుతుంది. 1996లో డేవిడ్ బీసన్ ప్రభృతులు ఆ మారిన గొలుసు జన్యువును ఆ కణాలలో చేర్చి, పెద్దవారి గ్రాహకాన్ని తయారుచేయించారు. రోగనిర్ణయ పరీక్షకు కావలసిన మానవ గ్రాహకం ఇక గాజుపాత్రలోనే పెరగసాగింది. ఆ గ్రాహకానికి రేడియోధార్మికత గల బంగారోటాక్సిన్‌ను తగిలించి, రోగి రక్తద్రవంలో కలిపి, ప్రతిరక్షకాలు ఎంత పట్టుకున్నవో కొలవడమే పరీక్ష.

ఇంతటితో అయిపోలేదు. ఈ పరీక్షలో ఏమీ కనబడని రోగులు మిగిలినారు. రెప్పలు వాలుతూనే ఉంటాయి. రక్తం మాత్రం ఏమీ లేదంటుంది. వెనుకటి అనుమానాలు తిరిగి తలెత్తే పరిస్థితి అది. 2001లో అటువంటివారిలో కొందరికి కండరం మీద ఉండే మస్క్ అనే మరొక ప్రొటీను మీద ప్రతిరక్షకాలున్నవని తెలిసింది. తక్కిన వారి సంగతి 2008లో ఆక్స్‌ఫర్డులోనే మళ్ళీ ఆలోచించారు. నిజమైన కండరంలో గ్రాహకాలు విడివిడిగా తేలుతూ ఉండవు, తేనెపట్టులో గదుల వలె ఒత్తుగా గుమిగూడి ఉంటాయి. పరీక్షనాళికలో విడిగా తేలే గ్రాహకాన్ని పట్టుకోలేని బలహీనమైన ప్రతిరక్షకం, ఒత్తుగా ఉన్న చోట రెండు చేతులతో రెంటిని పట్టుకొని నిలువగలదేమో. అందుకని గ్రాహకపు గొలుసుల జన్యువులతో పాటు, వాటిని గుమిగూర్చే రాప్సిన్ అనే ప్రొటీను జన్యువును కూడా మానవ కణాలలో ప్రవేశపెట్టి, ఆ కణాల మీద రోగుల రక్తద్రవాన్ని పోసి సూక్ష్మదర్శినిలో చూచారు. పూర్వం ఏమీ లేదని తేల్చిన రక్తాలలో 66 శాతం వాటిలో ప్రతిరక్షకాలు మెరుస్తూ కనిపించినవి.

అప్పటికీ కనబడనివారు కొందరు ఉన్నారు. 2011లో ఎల్.ఆర్.పి. 4 అనే ఇంకొక ప్రొటీను మీది ప్రతిరక్షకాలు వారిలో కొద్దిమందికి కారణం చూపినవి. తక్కినవారి రక్తం ముందు ఏ గ్రాహకాన్ని, ఏ కూర్పులో పెట్టి చూడాలన్నది పరిశోధనశాలలలో ఇంకా సాగుతున్న పని.